ఎండలో వానకోటు

మే నెల మధ్యాహ్నం టాటానగర్‌లోని కద్మాలో మా తమ్ముడి ఇంటికి వెళ్ళాను. గేటు తీయకముందే ఒక వాసన ముక్కుకు తగిలింది. రబ్బరూ చెమటా కలిసి పులిసిన వాసన అది. తెలియనివాళ్ళయితే ఎక్కడో ఎలుక చచ్చిందనుకుని మూలలు వెతుకుతారు. నేను వెతకలేదు. బాగ్‌బేరా రైల్వే క్వార్టర్‌లో ఉన్నప్పుడు ఆ వాసనను నా రెండు చేతులతో ఉతికినదాన్ని. యాభై ఏళ్ళు గడిచాక అది మళ్ళీ ఎదురొస్తుందని మాత్రం అనుకోలేదు.

లోపల, సిమెంటు వాకిట్లో, నడినెత్తిన ఎండలో తమ్ముడి మనవరాలు కెజియా తాడు గెంతుతోంది. ఒంటి మీద మెడ దాకా జిప్పు బిగించిన వెండి రంగు ప్లాస్టిక్ సూటు. తల మీద టోపీ. ముంజేతుల దగ్గర ఎలాస్టిక్ లోంచి చెమట చుక్కలు చుక్కలుగా కారుతోంది. పక్కనే ఒక సీసా, అందులో సగం దాకా నురుగు తేలిన ఉమ్ము. గెంతడం ఆపినప్పుడల్లా చూయింగ్ గమ్ నమిలి ఆ సీసాలోకి ఉమ్ముతోంది. గుమ్మానికి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మా తమ్ముడు దానియేలు కూర్చున్నాడు. వాడి వెనక హాల్లో ఫ్రిజ్ ఉంది. దాని తాళంచెవి వాడి మెడలో, దారానికి వేలాడుతోంది.

"ఏటిరా ఇది?" అన్నాను.

"రేపు పొద్దున్న తూకం ఉందక్కా. రాష్ట్రం బాక్సింగు సెలక్షను. కూకో, టీ పెట్టమంటాను."

"పిల్లకో?"

"పిల్లకేటీ లేదు. నిన్న మద్దినేల నుండి నీల్లు బందు."

కెజియా నన్ను చూసి నవ్వింది. నవ్వగానే పెదవి పగిలి సన్నగా రక్తం గీత కనిపించింది. "బడీ దాదీ, పాస్ మత్ ఆవో. బద్‌బూ ఆయేగీ," అంది. దగ్గరకు రావద్దు, కంపు కొడతానని. ఈ పిల్లకు తెలుగు బాగా అర్థమవుతుంది, కానీ జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. తర్వాత తాత వైపు తిరిగి ఒక్క గుక్క నీళ్ళు అడిగింది. మా తమ్ముడు కుర్చీలోంచి కదలకుండానే, "గుక్క లేదు గిక్క లేదు. ఉమ్మీ, ఉమ్మీ," అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు, ముద్దు ఉంది. టీ వద్దన్నాను.

మేము శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. మా నాన్న టాటానగర్ యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. మా లైనులో ఇళ్ళన్నీ ఒకే మూసలో పోసినట్టుండేవి. ముందు చిన్న అరుగు, వెనక పెరడు, పెరట్లో బొగ్గుల పొయ్యి. తెల్లవారకముందే అమ్మ పొయ్యి రాజేసేది. లైను పొడుగునా అందరి పొగా కలిసి యార్డు మీద వేలాడేది. వ్యాగన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడుకు మాకు నిద్ర పట్టేది, ఆ చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది. కుళాయి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చేది. అది రాగానే ఆడవాళ్ళ గొంతులు, బిందెల చప్పుడు, ఎవరి వంతు ఎవరు లాక్కున్నారన్న తగువు. ఆ నీళ్ళు మా ఇంట్లో ఒక మట్టికుండలో ఉండేవి. కుండ మీద మూత, మూత మీద గ్లాసు. ఇంట్లోకి ఎవరు వచ్చినా మొదట చెయ్యి వెళ్ళేది ఆ గ్లాసు మీదికే.

దానియేలు నాకంటే చిన్నవాడు. చదువు ఒంటబట్టలేదు, ఒళ్ళు మాత్రం ఇనుము. లోకో షెడ్డు వెనక రేకుల కప్పు కింద ఒకాయన బాక్సింగ్ నేర్పేవాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. ఆయన చేయించిన కసరత్తు గురించి నాకు చెడ్డ మాట లేదు, ఆ సంగతి ముందే చెప్పాలి. పిల్లల చేత పట్టాల పక్క కంకర మీద పరుగెత్తించేవాడు. కంకర కాలి కింద జారుతుంది, దాని మీద పరుగు నేర్చినవాడికి రింగులో కాలు తడబడదు. ఇసుక బస్తా భుజాన వేసుకుని ఓవర్‌బ్రిడ్జి మెట్లు ఎక్కాలి. లారీ టైరును పెద్ద సమ్మెటతో కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి బాదాలి. పాత ట్రాలీ చక్రాలు రెండు ఒక ఇనుప కడ్డీకి తొడిగి దాన్ని నేల మీద నుంచి నడుము దాకా ఎత్తాలి. కాన్వాసు గుడ్డలో ఇసుకా పాతబట్టలూ కుక్కి కుట్టిన బంతిని ఒకడు విసిరితే ఇంకొకడు పొట్టతో ఆపాలి. ఏడాది తిరిగేసరికి మా వాడి వీపు తలుపంత వెడల్పయింది. వాడు గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు తగ్గేది. అమ్మ పొద్దున చోడి అంబలి, రాత్రి అన్నంలోకి మెత్తళ్ళ పులుసు పెట్టేది. వాడు తింటుంటే మేమందరం చూస్తూ కూర్చునేవాళ్ళం. ఆ బలం నిజమైన బలం. నెలల తరబడి, ఒక్కో బస్తా మోసి కూడబెట్టుకున్నది.

ఆ పైన రైల్వేలో స్పోర్ట్స్ కోటా కింద ఉద్యోగానికి ట్రయల్స్ అన్నారు. నాన్న రిటైరయ్యే రోజు దగ్గర పడుతోంది. ఆయన దిగిపోతే క్వార్టర్ ఖాళీ చేయాలి. దానియేలుకు ఉద్యోగం వస్తే ఆ గోడల మధ్యే ఉంటాం, రాకపోతే ఊరు పోవాలి. ఊళ్ళో మాకు ఏమీ లేదు. ఇంట్లో ఎవరూ ఈ మాట పైకి అనలేదు గాని, అన్నం దగ్గర కూడా అదే మాట కూర్చుని ఉండేది.

ఒక సాయంత్రం ఉస్తాద్ మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. దానియేలు ఉన్న బరువు తరగతిలో తన శిష్యుడే ఇంకొకడు ఉన్నాడట, కింది తరగతిలో ఎవరూ లేరట. మనవాళ్ళు ఇద్దరూ ఒకరితో ఒకరు ఎందుకు కొట్టుకోవాలి, వీణ్ణి కిందికి దింపుదాం అన్నాడు. బండిలో సీట్లు సర్దినట్టు సర్దేశాడు. దింపడం ఎలా అని నాన్న అడిగితే నవ్వాడు. "సబ్ పానీ హై, బాబూ. పానీ నికాలో, వజన్ గయా." ఒంట్లో ఉన్నదంతా నీరే, నీరు తీసేస్తే బరువు పోయినట్టే అని. ఏడాది పాటు బస్తాలు మోయించి కండ పెంచినవాడు, ఆ కండలోని తడిని పిండేద్దామంటున్నాడు. నాన్న ఆ మాటను తెలుగులోకి మార్చి అమ్మకు చెప్పాడు. అమ్మ ముఖం తేలికపడింది.

"నీల్లు మానీడమేనా? మనం ఉపాసం ఉండమేటి? దానికేటి బెంగ. లైనోల్లందరం ఉంటాం ఆడితో పాటు."

మా ఇంట్లో జరిగిన పొరపాటు ఇదీ. ఇంకెవరింట్లోనైనా తల్లి భయపడేదేమో, డాక్టరును అడిగేదేమో. మాకు ఉపవాసం అలవాటైన పని. జ్వరం వస్తే ఉపవాసం, పరీక్షలకు ఉపవాసం, ప్రమోషనుకు ఉపవాసం. ఉస్తాద్ దాహం అన్నాడు, మా అమ్మకు ప్రార్థన అని వినిపించింది. మర్నాటికల్లా లైనులోని తెలుగు ఆడవాళ్ళందరూ దానియేలు ఉద్యోగం కోసం ఉపవాస ప్రార్థన మొక్కుకున్నారు. మొక్కు పడ్డాక ఇక వాడికి నీళ్ళివ్వడం అనేది ఆటకు సంబంధించిన విషయం కాదు, దేవుడి దగ్గర మాట తప్పడం. మా నీళ్ళ కుండను అమ్మ పక్కింటికి తరలించింది. కుళాయి వచ్చే వేళకు ఎవరో ఒకావిడ దాని పక్కనే పీట వేసుకుని పాటలు పాడుకుంటూ కూర్చునేది, వాడు ఆ వైపు రాకుండా. సాయంత్రం ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు టీ తాగి ఉపవాసం విడిచేవారు. టీ వాసన పెరట్లో వాడి దాకా వచ్చేది. వాడికి విడుపు లేదు.

నాన్నకు డ్యూటీలో ఇచ్చిన నల్ల వానకోటు ఒకటుండేది. దాన్ని తొడుక్కుని, మెడ దగ్గర తాడుతో కట్టుకుని, మిట్టమధ్యాహ్నం యార్డు పక్కన పరుగెత్తేవాడు దానియేలు. ఇంటికి వచ్చి చేతులు కిందికి దించితే గిన్నె వంచినట్టు చేతుల్లోంచి చెమట కారేది. ఆ కోటు ఉతకడం నా వంతు. లోపలి వైపు తిరగేస్తే జిగటగా, తెల్లటి పొరతో, చేప కడిగిన నీళ్ళలా ఉండేది. సబ్బు ఎంత రుద్దినా ఆ కంపు గోళ్ళ కిందే ఉండిపోయేది. రాత్రి అన్నం ముద్ద నోటి దగ్గరకు తెచ్చుకుంటే వచ్చేది. ఇంకోవైపు అరుగు మీద పాత పాలడబ్బా. చింతపండు బుగ్గన పెట్టుకుని వాడు దాంట్లో ఉమ్ముతూ ఉండేవాడు. లైనులోవాళ్ళు వచ్చి డబ్బాలోకి తొంగిచూసి, ఈ రోజు బాగా వచ్చిందని మెచ్చుకుని వెళ్ళేవారు. ఉమ్మును చూసి మెచ్చుకోవడం! ఆ వయసులోనే నాకు ఆ ముఖాలు చూడబుద్ధయ్యేది కాదు.

సాయంత్రం స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసుకు తీసుకెళ్ళేవారు, మూటలు తూచే కాటా మీద నిలబెట్టడానికి. గుమాస్తా నాన్నకు తెలిసినవాడు. ఒకసారి నేను కూడా వెళ్ళాను. చేపల బుట్ట దించి దాని తడి మీదే మా తమ్ముణ్ణి ఎక్కించారు. వాడు కాటా ముల్లు చూడలేదు. కాళ్ళ కింద బుట్ట కార్చిన నీళ్ళను చూస్తున్నాడు.

ట్రయల్స్‌కు ముందు రోజు సంగతి ఇది. వాడు చేతులకు చుట్టుకునే గుడ్డపట్టీలు రెండింట్లో ఒకటి ఉతికి తీగ మీద ఆరేశాను. అమ్మ పాత చీర చింపి చేసిన పట్టీలు. కాసేపటికి రెండోది ఉతికి పెరట్లోకి తెస్తే, దానియేలు తీగ కింద నిలబడి ఆ పట్టీ కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తున్నాడు. సబ్బు నురుగు పూర్తిగా పోని నీళ్ళు. కళ్ళు మూసుకుని, పాలు తాగే దూడలా. నన్ను చూసి ఆగలేదు. నేను రెండో పట్టీని పిండకుండా అలాగే తీగ మీద వేశాను. అమ్మ వచ్చి చూసింది. వాణ్ణి తిట్టలేదు. తీగ మీంచి రెండు పట్టీలూ తీసి, తన బలమంతా పెట్టి చుక్క రాకుండా పిండి, మళ్ళీ ఆరేసింది. "ఒక్క రాత్రి, నా తండ్రీ. మొక్కు సెడిపోద్ది," అంది. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆ కన్నీళ్ళను చూసి జాలి పడాలో ఒళ్ళు జలదరించాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

తూకంలో సరిపోయాడు. పందెం గెలిచాడు. ఆడపిల్లలు చూడ్డానికి వెళ్ళే రోజులు కావు, భుజాల మీద ఎత్తుకుని ఇంటికి తెచ్చినప్పుడే చూశాను. ముఖం వాచి ఉంది, కళ్ళు ఎక్కడో ఉన్నాయి. ఆ సాయంత్రం పెరట్లో వాడు పోసిన మూత్రం టీ డికాషన్ రంగులో ఉంది. అమ్మకు చెబితే, "ఒంట్లో ఏడి సేసింది," అంది. ఉద్యోగం వచ్చింది, క్వార్టర్ నిలిచింది. ఆదివారం గుడిలో దానియేలు నిలబడి సాక్ష్యం చెప్పాడు. దేవుడు తన దాహాన్ని ఎలా చూశాడో, రింగులో తన ఎడమ చేతికి ఎలా బలమిచ్చాడో. ఇసుక బస్తాల మాట లేదు. సమ్మెట మాట లేదు, కంకర మాట లేదు. ఏడాది పాటు మోసినదంతా పోయి, కొన్ని రోజుల దాహం ఒక్కటే గెలుపుకు కారణమై కూర్చుంది. ఆ తర్వాత లైనులో ఎంతమంది పిల్లలు ఆ వానకోటు అరువు తీసుకున్నారో నేను చెప్పలేను. కొందరికి రింగులో కళ్ళు తిరిగాయి. వాళ్ళ విశ్వాసం చాలలేదన్నారు.

నేను పత్రికలో చేరాక స్థానిక క్రీడల పేజీ చాలా కాలం నా బల్ల మీదుగానే వెళ్ళేది. పతకం తెచ్చిన ప్రతి పిల్లవాడి గురించీ విలేఖరి రాసుకొచ్చే వార్తలో ఒక వాక్యం తప్పనిసరి: తిండి మానాడు, నీళ్ళు మానాడు. కొట్టేసేదాన్ని. మర్నాడు ఇంకో వార్తలో మళ్ళీ వచ్చేది. ఎవడూ వచ్చి, ఈ కుర్రాడు ఏడాదిగా బరువులెత్తాడు, బాగా తిన్నాడు, బాగా నిద్రపోయాడు అని రాయలేదు. అది చదవడానికి బాగుండదు కాబోలు.

కద్మాలో ఆ సాయంత్రం కెజియా కోచ్ వచ్చాడు. చదువుకున్న కుర్రాడు, స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్‌లో సర్టిఫికెట్లున్నాయి. వాళ్ళ జిమ్ నేను చూశాను. ఇనుప బండిని తాడుతో లాగిస్తారు, ఎత్తయిన చెక్కపెట్టె మీదికి దూకిస్తారు, ఛాతీకి పట్టీ కట్టి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో ఫోన్‌లో చూస్తారు. ఆ పిల్ల కడ్డీకి వేలాడి గడ్డం పైకి వచ్చేదాకా ఒళ్ళు ఎత్తుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అందుకే ఆయన్ని తిన్నగా అడిగాను. ఇంత బలం పెంచారు కదా, ఉన్న బరువులోనే ఎందుకు ఆడించరు?

"మేడమ్, ఊపర్ అపనీ దో లడ్కియాఁ హైఁ. ఆపస్ మేఁ క్యోఁ లడానా? నీచే ఖాలీ హై," అన్నాడు. పై బరువులో తన జిమ్ పిల్లలే ఇద్దరున్నారు, కింద ఖాళీ ఉంది. అదే సీట్ల సర్దుబాటు. ఉస్తాద్ కనీసం పానీ అన్నాడు, ఈయన దానికి హైడ్రేషన్ ప్రోటోకాల్ అని పేరు పెట్టుకున్నాడు. మరి డాక్టర్ని అడిగారా అంటే, ఇంటర్నెట్‌లో అంతా ఉంది మేడమ్ అన్నాడు. మా తమ్ముడు పక్కనుంచి ఫోన్ తీసి నాకు చూపించాడు. గుడి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో కెజియా కోసం ఉపవాస ప్రార్థన. వరసగా దండం పెట్టిన చేతుల బొమ్మలు. ఒకావిడ మూడు గంటలకే ఉపవాసం విడిచి, తాగిన జ్యూస్ ఫోటో కూడా పెట్టింది.

"నీ ఒంటికి జరిగింది మరిచిపోయావేటిరా?" అన్నాను.

"ఏటి జరిగింది నా ఒంటికి? ఉద్యోగం చేసి పెన్షను తీసుకుంతన్నాను. నువ్వెప్పుడూ ఇంతేనక్కా. పేపరోల్లు మంచి సూడలేరు."

వాడికి ఎండాకాలమంతా మూత్రం మంటే. ఆ సంగతి వాడి భార్య నాకు చెప్పింది, వాడు ఎవరికీ చెప్పడు. కెజియా తల్లిని పక్కకు పిలిచి మాట్లాడి చూశాను. "సెలెక్టయితే హాస్టలు, చదువు, అన్నీ వాళ్ళే చూసుకుంటారు పెద్దమ్మా. ఒక్క రోజేగా," అంది. కెజియాను అడిగాను. ఆ పిల్ల చూయింగ్ గమ్ ఉమ్మేసి, తాత చేసింది నేను చేయలేనా అన్నట్టు భుజాలెగరేసింది. ఫ్రిజ్ తాళంచెవి మా తమ్ముడి మెడలో ఉన్నా, వంటింట్లో కుళాయికి తాళం లేదు. తిప్పితే నీళ్ళొస్తాయి. ఎవరూ పట్టుకుని ఆపడం లేదు. ఆ పిల్ల వెళ్ళలేదు. బాగ్‌బేరాలో కుండను దాచాల్సి వచ్చింది, ఇక్కడ ఆ అవసరం కూడా లేకుండా పోయింది. నాకు అన్నిటికన్నా ఎక్కువ అసహ్యం వేసింది అందుకే.

మర్నాడు నేనూ వెళ్ళాను. కెజియా తూకంలో సరిపోయింది. యంత్రం మీంచి దిగగానే కోచ్ దాన్ని పక్కన నిలబెట్టుకుని ఫోటో తీసుకున్నాడు. తర్వాత నీళ్ళ సీసా ఇచ్చాడు. అది గటగటా తాగి గోడవారన వాంతి చేసుకుంది. మళ్ళీ తాగింది. ఆ గోడ పొడుగునా ఇంకా కొందరు పిల్లలు అదే పని చేస్తున్నారు. వాళ్ళ వెనక తల్లిదండ్రులు వీపులు నిమురుతున్నారు, బస్సు పడక వాంతి చేసుకునే పిల్లల్ని నిమిరినట్టు. నేను చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం పందెం. మొదటి రౌండులో కెజియా కాళ్ళు చూస్తే ఆ జిమ్‌లో లాగిన ఇనుప బండి వృథా పోలేదనిపించింది. రెండో రౌండుకు ముఖం మారిపోయింది. చేతులు నేర్చుకున్నవి గనుక అవే ఆడుతున్నాయి, కళ్ళల్లో మాత్రం మనిషి లేదు. ఎదుటి పిల్ల కూడా అలాగే ఉంది. ఎండిపోయిన పిల్లలిద్దరు ఒకరి మీద ఒకరు వాలి నిలబడ్డారు. చివరికి రిఫరీ కెజియా చెయ్యి పైకెత్తాడు. మా తమ్ముడు కుర్చీ మీదికి ఎక్కి స్తోత్రం అన్నాడు. కెజియా తల్లి కోచ్‌కు దండం పెట్టింది. ఓడిపోయి ఉంటే వీళ్ళు కాస్త ఆలోచించేవారేమోనని అనుకున్నాను. ఆ పిల్ల ఓడాలని కోరుకుంటున్న నా మీద కూడా నాకు రోత పుట్టింది.

తిరుగు ఆటోలో కెజియా మా ఇద్దరి మధ్య కూర్చుంది. ఒడిలో నీళ్ళ సీసా పెట్టుకుని కొంచెం కొంచెంగా తాగుతోంది. ఎదుటి పిల్ల రెండో రౌండులో నిన్ను తాళ్ళ దగ్గరకు నెట్టినప్పుడు ఎలా బయటపడ్డావే అని అడిగాను, మాట కలపడానికి. అది నా వైపు చూసింది.

"కబ్?"

"రెండో రౌండులోనే."

"యాద్ నహీఁ ఆ రహా, బడీ దాదీ." గుర్తు రావడం లేదంది. కాసేపటికి తాత వైపు తిరిగి నెమ్మదిగా, "మైఁ జీతీ న?" అని అడిగింది. గెలిచాను కదా అని. ఆ మాట అడగడం అది రెండోసారి.

మా తమ్ముడు తొడ మీద కొట్టుకుని నవ్వాడు. పిల్ల ముఖంలో తన ముక్కు కనిపించినంత సంబరం వాడికి. "నాకూ అంతేనే. కాటా దిగి నీల్లు తాగినంత వరకే గేపకం. ఆ తరవాత ఇంటికొచ్చీదాకా ఏటీ గేపకం నేదు."

గుడిలో ప్రతి ఏడూ ఆ పందేన్ని దెబ్బ దెబ్బకూ వర్ణించి చెప్పేవాడు వీడు. ఎదుటివాడి గడ్డం, తన ఎడమ చెయ్యి, గంట మోగడం. విని విని నాకే కంఠతా వచ్చింది.

"మరి సాక్ష్యంలో చెప్పేదంతా ఏటిరా?"

"సూసినోల్లు సెప్పారు గదక్కా. ఉస్తాద్ సెప్పాడు, నాన్న సెప్పాడు." వాడికి ఇందులో దాచాల్సింది ఏమీ కనబడలేదు. కెజియా భుజం మీద చెయ్యి వేశాడు. "బెంగెట్టుకోకే. నాను సూసినాను గదా. ఆదివారం గుడిలో సాక్ష్యం నువ్వే సెప్పాల. ఈలోగా అంతా నేర్పుతాను నీకు."

కెజియా సీసా మూత బిగించి సరేనంది.